కోట్ల గ్రహాలున్నా కొత్తదనం ఎందుకు అయిపోతుంది?

ప్రశ్న: అక్కా, నమస్కారం. మాది భీమవరం దగ్గర పల్లె. నాకు 26 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి వచ్చి రెండేళ్లయింది. నాన్నతో కలిసి రొయ్యల చెరువులు చూసుకుంటున్నాను. రాత్రి కాపలా నాదే. ఖాళీ దొరికినప్పుడు గట్టు మీది షెడ్డులో ల్యాప్‌టాప్ మీద ఆటలు ఆడతాను. సంక్రాంతికి తగ్గింపు ధరలో ‘నో మ్యాన్స్ స్కై’ కొన్నాను. అంతరిక్షంలో ఎక్కడికైనా వెళ్లవచ్చు, ఏ గ్రహం మీదైనా దిగవచ్చు. మొదటి రెండు నెలలు వేరే లోకంలో ఉన్నట్టే ఉంది. ఇప్పుడు ఎక్కడ దిగినా ముందే చూసినట్టు అనిపిస్తోంది. ఇలాంటి ఆటలు ఎవరినీ ఎక్కువ కాలం నిలపలేవని, గెలుపోటములున్న యుద్ధం ఆటలే ఆడమని మా బావ అంటాడు. నాన్నేమో, నువ్వు దేన్నీ పట్టుకుని ఉండవు అంటారు. ఏడో తరగతి చదివే మేనల్లుడు సెలవులకు వచ్చి పక్కన కూర్చుంటే వాడికి మాత్రం పొద్దు తెలియదు. లోపం ఆటలో ఉందా, నాలో ఉందా? ఇలాంటిదే ఇంకో ఆట కొనమంటారా?
ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: తమ్ముడూ, లోపం నీలో లేదు. ఆ ఆట ఎలా పనిచేస్తుందో రెండు నెలల్లో నువ్వు పసిగట్టావు, అంతే. చూడాల్సిన చోట్లు ఇంకా ఎన్ని మిగిలి ఉన్నా, ముందు ఏం రాబోతోందో ఊహకు అందిన రోజున ఇలాంటి ఆటల్లో విసుగు మొదలవుతుంది. ఆ రోజు ఒకరికి వారంలో వస్తుంది, ఒకరికి ఏడాదికి వస్తుంది. వచ్చాక ఇంకెన్ని గ్రహాలు కలిపినా ప్రయోజనం ఉండదు.

ఎందుకో చెబుతాను. ‘నో మ్యాన్స్ స్కై’లో గ్రహాల సంఖ్య మన లెక్కలో 1,84,467 కోట్ల కోట్లు. సెకనుకు ఒక గ్రహం చూసుకుంటూ పోయినా 58 వేల కోట్ల సంవత్సరాలు చాలవు. వీటిని ఎవరూ కూర్చుని ఒక్కొక్కటిగా తయారుచేయలేదు, ఏ డిస్కులోనూ దాచలేదు. ప్రతి గ్రహానికీ ఒక సంఖ్య ఉంటుంది. దాన్నే సీడ్ అంటారు. నువ్వు దగ్గరికి వెళ్లగానే ఆట ఆ సంఖ్యను సూత్రాల్లో వేసి కొండలు, గుహలు, చెట్లు, జంతువులు అన్నిటినీ అప్పటికప్పుడు లెక్కగడుతుంది. అదే సంఖ్యను ఎవరి కంప్యూటర్‌లో లెక్కగట్టినా అదే గ్రహం వస్తుంది. అందుకే నువ్వు ఎక్కిన కొండనే ఎక్కడో లండన్‌లో ఉన్నవాడు కూడా ఎక్కగలడు. ఎంతో తెలివైన పని ఇది. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

అయితే ఆ సూత్రాలకు అందే సరుకు మాత్రం పరిమితం. చిత్రకారులు చేసిపెట్టిన తలలు, కాళ్లు, తోకలను అవి మార్చి మార్చి అతుకుతాయి. గ్రహాలు కూడా పచ్చనివి, ఎండినవి, మంచువి, విషవాయువులవి, రేడియేషన్‌వి అంటూ కొద్ది రకాలే. పైగా ఒక గ్రహమంతా ఒకటే రకం. ధ్రువం దగ్గర దిగినా నడిమధ్యన దిగినా అదే నేల, అదే గాలి. కొన్ని పదుల గ్రహాలు తిరిగేసరికి కన్ను ఆ ముక్కలను గుర్తుపట్టేస్తుంది. ఆ తరువాత ఎదురుపడే ప్రతి జంతువులోనూ పాత తల, పాత తోక వేరుగా కనిపిస్తూనే ఉంటాయి.

ఈ చిక్కు కొత్తది కాదు. 1984లో డేవిడ్ బ్రాబెన్, ఇయాన్ బెల్ అనే ఇద్దరు కేంబ్రిడ్జి విద్యార్థులు 32 కిలోబైట్ల మెమరీ ఉన్న బీబీసీ మైక్రో కంప్యూటర్ కోసం ‘ఎలీట్’ అనే అంతరిక్ష వ్యాపారం ఆట రాశారు. వాళ్ల పద్ధతిలో 281 లక్షల కోట్ల గెలాక్సీలను పుట్టించవచ్చు. అన్ని పెడితే ఇదంతా లెక్కల గారడీ అని ఆడేవారికి తెలిసిపోతుందని ప్రచురణ సంస్థ పట్టుబట్టి తగ్గించింది. చివరికి 8 గెలాక్సీలు, ఒక్కోదానిలో 256 గ్రహాలు, మొత్తం 2,048 మిగిలాయి. ఆ సంస్థ చేసిన పని సరైనదని నా గట్టి నమ్మకం. 2,048 అంటే తక్కువేమీ కాదు. కానీ తాను తిరిగే నాలుగు గ్రహాల్లో ఎక్కడ ఏ సరుకు చౌక, ఏ దారిలో దొంగలు కాస్తారు అన్నది మనిషి గుర్తుపెట్టుకోగలడు. గుర్తున్న చోటికే మళ్లీ వెళ్లాలనిపిస్తుంది.

ఇక నీ చెరువు సంగతి చూడు. మేత వేసిన గంటన్నరకో రెండు గంటలకో, రొయ్యలు ఎంత తిన్నాయో తెలిపే చెక్ ట్రే పైకి లాగుతావు. టార్చి వెలుతురులో వల మీద మేత ఎంత మిగిలిందో చూస్తావు. ట్రేలోకి వచ్చిన రొయ్యను వేళ్ల మధ్య పట్టుకుని, వీపు వెంట పేగు నల్లని గీతలా నిండుగా ఉందా, మధ్యలో తెగి ఉందా, గుల్ల గట్టిగా ఉందా, మెత్తబడిందా అని చూస్తావు. మేత మిగిలితే తరువాతి పూటకు తగ్గిస్తావు. నీటిలో ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా పడిపోతుంది కాబట్టి ఆ వేళప్పుడు నీటిలో గాలి కలిపే ఏరియేటర్ల చప్పుడు ఆగిందంటే గాఢ నిద్రలో ఉన్నా లేచి జనరేటర్ దగ్గరికి పరుగెత్తుతావు. రెండేళ్లుగా అదే నీరు, అదే గట్టు, అదే ట్రే. అయినా ట్రే లాగడం విసుగని నీ ఉత్తరంలో ఎక్కడా రాయలేదు. లాగేదాకా అందులో ఏముందో తెలియదు. కనిపించినదాన్ని బట్టి నువ్వు చేయవలసినది మారుతుంది. చేసినదాని ఫలితం పట్టుబడి రోజున నీ చేతికే వస్తుంది. ఆటలో నీ గ్రహాలకు ఇవేవీ లేవు. దిగావు, స్కాన్ చేశావు, ఎగిరిపోయావు. నువ్వు వచ్చి వెళ్లినందుకు ఆ గ్రహానికి ఏమీ కాలేదు, నీకూ ఏమీ కాలేదు.

నాన్నగారి మాటకు జవాబు కూడా అక్కడే ఉంది. రెండేళ్లుగా రాత్రి నిద్ర మానుకుని చెరువు కాస్తున్న కొడుకును నిలకడ లేనివాడని అనడం న్యాయం కాదు. బహుశా వదిలేసిన ఉద్యోగం గురించి ఆయన మనసులో దిగులు ఉండి ఉంటుంది. అది వేరే సంగతి. ఒకరోజు తీరిగ్గా కూర్చుని దాని గురించే ఆయనతో మాట్లాడు. ఆ బరువును ఈ ఆట నెత్తిన పెట్టకు.

సరే, ఇలాంటి ఆటలు ఎవరినీ నిలపలేవన్న మీ బావ మాట నిజమేనా? కాదు. ఏళ్ల తరబడి ఆడుతున్నవారు ఉన్నారు. వాళ్లు ఎందుకు నిలిచారో చూస్తే నీకు దారి దొరుకుతుంది.

నువ్వు కొన్న ఆటనే తీసుకో. ఇంగ్లండ్‌లోని గిల్డ్‌ఫర్డ్‌లో హలో గేమ్స్ అనే చిన్న సంస్థ దాన్ని 2016 ఆగస్టులో విడుదల చేసింది. నువ్వు రాసిన ఫిర్యాదే అప్పుడు ఎంతోమంది చేశారు. చెప్పినవి చాలా అందులో లేవని మండిపడి డబ్బు వాపసు అడిగారు. ఆ సంస్థ నోరు మెదపకుండా పనిలో పడింది. 2016 నవంబరులో నచ్చిన గ్రహం మీద ఇల్లు కట్టుకునే వీలు కల్పించింది. 2017 మార్చిలో నేల మీద నడిపే వాహనాలు ఇచ్చింది. 2018 జులైలో తోటి ఆటగాళ్లతో కలిసి తిరిగే ఏర్పాటు పూర్తిగా తెచ్చింది. ఏ ఒక్కదానికీ అదనంగా రూపాయి అడగలేదు. గ్రహాల రూపురేఖల్లో పెద్ద మార్పులు ఆ తరువాత కూడా చేసింది కానీ, వెళ్లిపోయిన జనాన్ని వెనక్కి తెచ్చింది ఇల్లూ తోడూ అనే నేను అనుకుంటాను. కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో ఆ ఆట మీద మొత్తం సమీక్షలు 2024 నాటికి ‘చాలా అనుకూలం’ అనే మెట్టుకు చేరాయి. అంతగా తిట్టించుకున్న ఆట అంత పైకి రావడం అరుదు.

ఇంకో సంగతి. అందులో గెలాక్టిక్ హబ్ అనే బృందం ఒకటి ఉంది. 2016లోనే కొందరు ఆటగాళ్లు అంతులేని ఆ ఆకాశంలో ఒక చిన్న ప్రాంతాన్ని ఎంచుకుని, అందరూ అక్కడికే వచ్చి ఇళ్లు కట్టుకోవడం, అక్కడి గ్రహాలను, జంతువులను నమోదు చేయడం మొదలుపెట్టారు. ఎక్కడికైనా వెళ్లే స్వేచ్ఛ చేతిలో ఉన్నవాళ్లు, ఇక్కడే ఉందాం అని నిర్ణయించుకున్నారు! నాకు ఆ ఆటలో అన్నిటికన్నా నచ్చిన విషయం ఇదే.

‘ఎలీట్’ వారసత్వంగా 2014 డిసెంబరులో ‘ఎలీట్ డేంజరస్’ వచ్చింది. మన పాలపుంత మొత్తాన్ని, 40 వేల కోట్ల నక్షత్ర వ్యవస్థలతో, అసలు కొలతలోనే అందులో కట్టారు. అక్కడ ఇంధనం అయిపోతే ఓడ శూన్యంలో ఆగిపోతుంది. ఫ్యూయెల్ ర్యాట్స్ అని ఒక ఆటగాళ్ల దళం ఉంది. ఎవరైనా ఎక్కడో చిక్కుకుపోయి కబురు పెడితే వీళ్లు అంత దూరమూ వెళ్లి, పైసా తీసుకోకుండా ఇంధనం ఎక్కించి వస్తారు. ఇలా వేలమందిని గట్టెక్కించారు. 2019లో పది వేలమందికి పైగా ఆటగాళ్లు ఓడలు కట్టుకుని, మన సూర్యుడికి 65 వేల కాంతి సంవత్సరాల దూరాన ఉన్న బీగిల్ పాయింట్ దాకా నెలల తరబడి యాత్ర చేశారు. దారిలో మజిలీలు, వెనకబడినవారి కోసం ఎదురుచూడడం, పాలపుంత నడిబొడ్డు దగ్గర ఒక స్టేషన్ కట్టడానికి సరుకు మోయడం, అన్నీ ఉన్నాయి. దూరం కష్టమైనది కాబట్టే ఆ యాత్రకు విలువ వచ్చింది. మీట నొక్కగానే చేరిపోయే చోటైతే అంతమంది కదిలేవారే కాదు.

బ్లాకులు అనే చదరపు దిమ్మలతో లోకమంతా కట్టిన మైన్‌క్రాఫ్ట్ ఆట సంగతి నీకు తెలిసే ఉంటుంది. 2009లో మొదలై 2011లో పూర్తిస్థాయిలో విడుదలైంది. 2023 నాటికి 30 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. దాని పాత రూపంలో ఒక విచిత్రం ఉండేది. నడిమధ్య నుంచి కోటీ పాతిక లక్షల బ్లాకులు దాటితే సూత్రాలు తప్పి నేల పెద్ద పెద్ద గోడలుగా చీలిపోయేది. ఆ చోటును ఫార్ ల్యాండ్స్ అనేవారు. అమెరికాలో ఒక ఆటగాడు 2011 మార్చిలో అక్కడికి నడిచే పోతానని బయలుదేరాడు. ఆ ఏడాదే కొత్త రూపంలో ఆ తప్పును సరిదిద్దేశారు. అతను మాత్రం పాత రూపంలోనే ఉండిపోయి ఏళ్ల తరబడి నడుస్తూ, నడకను చూపిస్తూ, చూసేవారితో కబుర్లు చెబుతూ, పిల్లల కోసం పనిచేసే ఒక ధార్మిక సంస్థకు విరాళాలు పోగుచేశాడు. దారి పొడవునా ఉన్నది అవే గడ్డి, అవే గుట్టలు. ఆ పనిని అతనికి ఆట చెప్పలేదు, తానే పెట్టుకున్నాడు.

మీ బావ గురించి రెండు మాటలు. రిచర్డ్ బార్టిల్ అనే ఆయన 1978లో ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా మొదలుపెట్టిన ‘మడ్’ అనే ఆటలో పాలుపంచుకున్నాడు. చాలామంది ఒకేసారి ఆడే తొలి కంప్యూటర్ ఆటల్లో అదొకటి. 1996లో ఆయన ఒక వ్యాసం రాస్తూ ఆటగాళ్లను నాలుగు రకాలుగా చూశాడు. సాధించేవారు, అన్వేషించేవారు, కలిసిమెలిసి ఉండేవారు, ఇతరుల మీద పైచేయి కోరేవారు. అన్వేషించేవారు మొదట చోట్లు చూస్తారని, తరువాత ఆ లోకం లోపల ఎలా పనిచేస్తుందో తవ్వుతారని చెప్పాడు. నువ్వు ఈ రెండో మెట్టు మీద ఉన్నావు. మీ బావ వేరే రకం మనిషి. ఆయనకు నచ్చేది నీకు నచ్చాలని లేదు. పైగా నీ పనికి ఆ యుద్ధం ఆటలు పనికిరావు. మ్యాచ్ మధ్యలో కరెంటు పోతే నువ్వు ఆట చూస్తావా, జనరేటర్ చూస్తావా? ఒక్క క్షణం తటపటాయించినా నష్టం పంటకే. ఎక్కడంటే అక్కడ వదిలేసి లేచిపోగలిగిన ఆటే నీకు తగినది.

ఇప్పుడు ఏం చేయాలో చెబుతాను. కొత్తది కొనకముందు, ఉన్నదాన్ని ఇంకో రకంగా ఆడి చూడు. ఆట అమరికల్లోకి వెళ్లి కష్టం పెంచు. 2022 అక్టోబరు నుంచి ఏది ఎంత కష్టంగా ఉండాలో విడివిడిగా మార్చుకునే వీలుంది. ఇంధనం దొరకడం కష్టం చేసుకో, దెబ్బ తగిలితే గట్టిగా తగిలేటట్టు పెట్టుకో. అప్పుడు ఎగిరే ముందు ఆలోచిస్తావు. తరువాత ఒకే ఒక్క గ్రహం ఎంచుకుని అక్కడ ఇల్లు కట్టు. అందమైనదే అక్కరలేదు, తుపానులు లేచే గ్రహమైతే ఇంకా మంచిది. కొన్నాళ్లు ఆ గ్రహం దాటకు. దాని గుహలు, నీళ్లు, ఖనిజాలు నీకు కంఠతా రావాలి. అప్పుడప్పుడు ఎక్స్‌పెడిషన్లు పెడతారు, 2021 నుంచి ఉన్నాయి. అందరూ ఒకే చోట మొదలుపెట్టి ఒకే దారిన పోతారు. ఒకదానిలో చేరి చూడు. ఇంత చేసినా మనసు పట్టకపోతే నిశ్చింతగా వదిలెయ్. రెండు నెలలు ప్రతి రాత్రీ సంతోషపెట్టిన ఆటకు నువ్వు పెట్టిన డబ్బు ఎప్పుడో గిట్టింది.

మేనల్లుడి విషయంలో మాత్రం నా మాట తప్పకుండా విను. వాడికి విసుగు రాకపోవడానికి కారణం ఆ ముక్కలు వాడికి ఇంకా తెలియకపోవడమే. ఈసారి వచ్చినప్పుడు మౌసు, కీబోర్డు వాడి చేతికి ఇచ్చి నువ్వు పక్కన కూర్చో. అటు వెళ్లు, ఇది నొక్కు, అక్కడ ఏమీ ఉండదు అని ఒక్క మాట కూడా అనకు. ఒక నోటుపుస్తకం ఇచ్చి, చూసిన జంతువును చూసినట్టు బొమ్మ వేసి పేరు పెట్టమను. ఏది ఏం తింటుందో, ఎప్పుడు బయటికి వస్తుందో వాడినే రాయమను. నీకు పాత తోకగా కనిపించినది వాడి పుస్తకంలో ఎలా ఉంటుందో చూడాలని నాకే ఆత్రంగా ఉంది. వీలైతే ఆ బొమ్మల్లో ఒకటి నాకు పంపండి.

ఇక కొనడం సంగతి. ఇలాంటిదే ఇంకోటి వద్దు. ‘ఎలీట్ డేంజరస్’ ఎంత గొప్పదైనా ఒంటరిగా ఆడడానికి కూడా ఇంటర్నెట్ ఉండాలి. గట్టు మీద ఫోను సిగ్నల్‌తో ఆడితే నీకు చికాకే మిగులుతుంది. సముద్రం ఇష్టమైతే 2018లో వచ్చిన ‘సబ్‌నాటికా’ ఉంది. అందులోని సముద్రాన్ని సూత్రాలకు వదిలేయకుండా మనుషులే తీర్చిదిద్దారు. ఆటలో మ్యాపు ఇవ్వరు, లోతులు మనమే గుర్తుపెట్టుకోవాలి. కొన్ని చోట్ల గట్టిగా భయపెడుతుంది, రాత్రి ఒంటరిగా నీళ్ల పక్కన ఆడేవాడికి అది మరీ ఎక్కువ కావచ్చు.

నీకు నేను మొదట చెప్పేది 2019లో వచ్చిన ‘ఔటర్ వైల్డ్స్’. అందులో ఉన్నది ఒక చిన్న సూర్యకుటుంబం. గ్రహాలు కొన్నే, ఒక్కొక్కటీ చేత్తో చెక్కినట్టు ఉంటుంది, ఏ రెండూ ఒకలా ఉండవు. 22 నిమిషాలకు ఒకసారి కాలం మళ్లీ మొదటికి వస్తుంది. నీ ఓడ బలం పెరగదు, ఆయుధాలు రావు, డబ్బు రాదు. ఒక విడత నుంచి తరువాతి విడతకు నీతో వచ్చేది నువ్వు తెలుసుకున్నది ఒక్కటే. మొదటి విడతలోనే చివరి గుమ్మం దాకా వెళ్లవచ్చు, కానీ అది గుమ్మమని నీకు తెలియదు. ఆట లోపల ఎలా పనిచేస్తుందో తవ్వడమే నీకు ఇష్టమని నీ ఉత్తరం చెబుతోంది. ఇందులో ఆ తవ్వడమే ఆట. ఏళ్ల తరబడి ఆడేది కాదిది, ఒకసారి పూర్తయితే మళ్లీ మొదటిసారిలా ఆడలేము. అయినా దీర్ఘకాలం ఆడించడం ఒక్కటే ఆటకు కొలత అని నేను ఒప్పుకోను. కొద్ది వారాలు ఆడి ఏళ్లపాటు తలుచుకునేవి కూడా ఉన్నాయి, ఇది అలాంటిది. ట్రేలు చూడడానికి మధ్యలో లేచినా పోయేది ఒక్క విడతే.

కొన్నాక దాని గురించి వీడియోలు చూడకు, ఎవరినీ దారి అడగకు. ఎక్కడైనా ఇరుక్కుంటే ఆ గ్రహాన్ని వదిలి ఇంకోదానికి వెళ్లు. ఓడ నడపడం కీబోర్డుతో కొంచెం ఇబ్బంది. గేమ్‌ప్యాడ్ మీ బావ దగ్గర ఉంటే అరువు అడుగు. తగ్గింపు వచ్చేదాకా ఆగి, స్టీమ్‌లో కొను. నీ ల్యాప్‌టాప్ మోయలేకపోతే కొన్న 14 రోజుల లోపు, ఆడింది రెండు గంటలు మించకుండా ఉంటే, డబ్బు వాపసు అడగవచ్చు. అందుకని మొదటి రాత్రే పెట్టి చూసుకో.